గోదావరి డెల్టా ఇళ్లలో దోమలు, నల్లులు, ముదరబెట్టుకునే జబ్బులు: దేనికి ఏది ఎంచుకోవాలి

మా మామ్మ కుడి కాలికి బోద ఉండేది. నేలకు ఆనేటట్టు కట్టుకున్న చీర కుచ్చిళ్ల కింద ఆమె దానిని ముప్పై ఏళ్లకు పైగా దాచుకున్నది. ఏడాదికి మూడు నాలుగు సార్లు గజ్జలో బిళ్ల కట్టి, వణుకుతో జ్వరం వచ్చి, కాలు ఎర్రబడి కణకణలాడేది. రెండు మూడు రోజులు మంచం పట్టి లేచేది. లేచిన ప్రతిసారీ కాలు మునుపటి కంటే కొంచెం లావుగా కనబడేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో దోమలకు పెట్టిన ఖర్చు తక్కువేమీ కాదు. వేపాకు పొగ, సాంబ్రాణి, తరువాత దోమల చక్రాలు, ఆ తరువాత ప్లగ్గులో పెట్టే లిక్విడ్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మామ్మ పడుకునే వసారా మంచానికి మాత్రం దోమతెర కట్టలేదు, ఆమె కాలిని డాక్టరుకు చూపించనూ లేదు. ఈ రెండు పొరపాట్లు కలిసి చేసిన నష్టాన్ని కళ్లారా చూశాను గనుక, దుకాణంలో నిలబడి "దోమలకు ఏది మంచిది" అని అడిగే ముందు ఇంట్లోనే కూర్చుని రెండు సంగతులు తేల్చుకోవాలని నా అభిప్రాయం. మనల్ని కుట్టేది ఏది, ఏ వేళ కుడుతోంది అన్నది మొదటిది. కుట్టినందువల్ల ఒంట్లో ఏమి మిగిలిందన్నది రెండోది. మొదటిదాన్ని బట్టి కొనవలసిన వస్తువు, రెండోదాన్ని బట్టి వెళ్లవలసిన చోటు మారిపోతాయి.

కుట్టేదాన్ని ముందు గుర్తుపట్టాలి

దోమలన్నీ ఒకటి కావు, అవి పుట్టే నీళ్లూ ఒకటి కావు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురికి నీటిలో పుడుతుంది. వీధి కాలువ, స్నానాల దొడ్డి వెనుక గుంట, మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు దానికి పుట్టిళ్లు. అది రాత్రి పూట, ముఖ్యంగా మనం గాఢనిద్రలో ఉన్న వేళ కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ ఒంటి మీద తెల్లచారలతో ఉండి, శుభ్రమైన నిలవనీటిలో గుడ్లు పెట్టి, పగటి వేళ, అందులోనూ పొద్దెక్కిన కొద్ది గంటలలోనూ సాయంత్రం చీకటి పడే ముందూ ఎక్కువగా కుడుతుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రిదే గాని, ఆ జబ్బు బెడద మన మైదానం కంటే ఏజెన్సీ వైపు ఎక్కువ. ఇక చేపల చెరువులలో, మురుగు కాలువలలో గుర్రపుడెక్క పేరుకున్న చోట దాని వేళ్లను పట్టుకుని పెరిగే మాన్సోనియా దోమలు వేరే ఉన్నాయి. గుర్రపుడెక్క తీయించకుండా ఎంత పొగ పెట్టినా ఆ ఇళ్లవారికి తెరిపి ఉండదు.

తెల్లవారి లేచేసరికి చేతుల మీద, మెడ మీద మూడు నాలుగు దద్దుర్లు వరుసగా ఉండి, పరుపు కుట్టు వెంట ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు కనబడితే అది నల్లుల పని. దురద రాత్రి పూట హెచ్చి, వేళ్ల సందులలో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, బొడ్డు దగ్గర సన్నటి పొక్కులు ఉండి, ఇంట్లో మరొకరికి కూడా అలాగే ఉంటే అది కుట్టిన పురుగు కాదు, చర్మంలో కాపురం పెట్టిన గజ్జి పురుగు. ఈ రెంటినీ దోమకాటుగా లెక్కగట్టి నెలల తరబడి దోమల మందు కొంటున్న ఇళ్లు నాకు తెలుసు.

రాత్రి దోమకు ఏది, పగటి దోమకు ఏది

రాత్రి దోమకు దోమతెరను మించినది లేదని నిస్సందేహంగా చెబుతాను. కరెంటు పోయినా అది పని చేస్తుంది, ఊపిరితిత్తులలోకి ఏమీ పంపదు, ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. ఉక్కపోస్తుందన్న ఫిర్యాదు నిజమే. ఆగస్టులో గాలి స్తంభించిన రాత్రి తెరలో పడుకోవడం కష్టం. అందుకే తెర ఎంపికలో పొదుపు చేయకూడదు. చదరపు అంగుళానికి 156 రంధ్రాలున్న తెర దోమను ఆపుతూనే గాలిని రానిస్తుంది. మంచం కొలత తీసుకుని, నాలుగు వైపులా పరుపు కిందికి దోపడానికి జానెడు మిగిలేటట్టు కొనాలి. నిద్రలో చేయి తెరకు ఆనితే దోమ బయటి నుంచే కుడుతుంది గనుక, ఇరుకు తెర కంటే వెడల్పు తెర మేలు. లోపల చిక్కుకున్న దోమ కంటబడటానికి తెల్లరంగు మంచిది.

మందు పట్టించిన తెరకు, మామూలు తెరకు మధ్య ఏది అని అడిగితే, దొరికితే మందు తెరే తీసుకోవాలి. దీర్ఘకాలం పనిచేసే రకాలను 20 ఉతుకులు, మూడేళ్ల వాడకం తట్టుకునేటట్టు తయారు చేస్తారు. వాటిని ఎండలో కాక నీడలో ఆరవేయాలి. కాలువలోనో చెరువులోనో ఉతికితే ఆ మందు చేపలకు విషమవుతుంది. ఆ మందుకు అలవాటుపడిన దోమలు చాలాచోట్ల ఉన్నాయి గనుక, చిరుగు పడిన మందు తెర కంటే చిరుగు లేని మామూలు తెరే నయం.

కిటికీలకు జాలీ కొట్టించడం శ్లాబు ఇళ్లకు చక్కగా సరిపోతుంది, పగటి దోమను కూడా కొంత ఆపుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుప జాలీ తుప్పుపట్టి చిల్లులు పడుతుంది గనుక ఫైబర్ జాలీయో తుప్పుపట్టని స్టీలుదో వేయించుకోవాలి. మండువా లోగిళ్లకు, తాటాకు ఇళ్లకు, పెంకుటిళ్ల వసారాలకు జాలీ ఆలోచనే వద్దు. గోడకూ కప్పుకూ మధ్య సందు ఉన్న ఇంట్లో కిటికీకి జాలీ కొట్టించిన డబ్బు వృథా పోతుంది. అక్కడ తెరే గతి.

దోమల చక్రాన్ని నేను ఇంట్లో మానేశాను. ఒక చక్రం పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. పసిపిల్లలు, ఆయాసం ఉన్నవారు పడుకునే గదిలో తలుపులు మూసి దానిని వెలిగించడం ఒక బాధ తప్పించుకోవడానికి మరో బాధ తెచ్చుకోవడమే. అరుగు మీద కూర్చుని గంటసేపు కబుర్లాడేటప్పుడు దూరంగా పెట్టుకుంటే అంత ప్రమాదం లేదు. ప్లగ్గులో పెట్టే లిక్విడ్‌కు పొగ ఉండదు గనుక చక్రం కంటే మేలే, కానీ అది కరెంటు మీద ఆధారపడినది, పైగా నెలనెలా ఖర్చు. తెర కట్టలేని గదికి దానిని రెండో ఎంపికగా ఉంచుకోవచ్చు. పేరూ ఊరూ లేని దోమల అగరుబత్తులను మాత్రం కొనవద్దు. వాటిలో కొన్నింటిలో అనుమతి లేని పురుగుమందులు కలుపుతున్నారు. కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేని పెట్టెను దుకాణంలోనే వదిలివేయాలి. శబ్దంతో దోమలను తరుముతామనే యంత్రాలు పని చేయవు.

పగటి దోమకు తెర చాలదు. బడికి వెళ్లే పిల్లలకు నిండు చేతుల చొక్కా, దోమలను దగ్గరికి రానివ్వని డీట్ గాని ఐకారిడిన్ గాని ఉన్న పూత పనికివస్తాయి. రెండు నెలలు నిండని పసిబిడ్డకు డీట్ పూయకూడదు. పెద్ద పిల్లలకైనా అరచేతులకు, కళ్ల చుట్టూ పూయకూడదు. అయితే ఏడిస్ దోమ విషయంలో అసలు ఎంపిక ఒంటికి పూసేదానిలో లేదు, నీళ్లలో ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ప్రతి ఇంట్లోనూ సిమెంటు తొట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాము. వానలు మొదలయ్యాక కొబ్బరి తోటలో వలిచి పడేసిన డొక్కలు, చిప్పలు, ఎలుకలు కొరికి రాలిన బోండాలు ఒక్కొక్కటీ ఒక్కో దోమల తొట్టి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేస్తే ఆ తరం దోమలు మొత్తం పోతాయి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది అందుకే. నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచుతో తొట్టి గోడలు రుద్దాలి, ఎందుకంటే ఆ గుడ్లు గోడకు అంటుకుని తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. ఖాళీ చేయలేని బావికి, పెద్ద తొట్టికి గంబూసియా చేపలు వేయవచ్చు.

క్యూలెక్స్ దోమ విషయంలో నేను అన్నిటికంటే ముందు చెప్పే పని దాదాపు ఖర్చులేనిది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం ఇంటి వెనుక మిద్దె ఎత్తున నిలబడి, నోరు తెరుచుకుని ఉంటుంది. ఒక సాయంత్రం నిచ్చెన వేసుకుని మా గొట్టం పైకి టార్చి వేసి చూశాను. అంచు చుట్టూ నల్లటి మసిలాగా దోమలు పట్టి ఉన్నాయి; వెలుతురు పడగానే కొన్ని నా ముఖం మీదికి లేచాయి, మిగిలినవి కదలనైనా లేదు. పాత దోమతెర ముక్క నాలుగు మడతలు వేసి, గొట్టం మూతికి చుట్టి, తీగతో బిగించాను. ట్యాంకు పైపలకల సందులకు సిమెంటు పూయించాను. ఆ నెల తరువాత పెరటి గదిలో దోమల రొద తగ్గిన సంగతి ఇంట్లో అందరూ గమనించారు. ఊళ్లో పది ఇళ్లవారు కలిసి ఈ పని చేస్తే, పంచాయతీ పొగ మిషన్ కోసం ఎదురుచూడటం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. పొగ మిషన్ ఆ పూట గాలిలో ఎగిరే దోమలను చంపుతుందే గాని నీళ్లలోని దోమ పిల్లలను ముట్టుకోదు. పంచాయతీని అడగవలసింది మురుగు కాలువ పూడిక తీయమని.

నల్లులకు వేడి, మందు, పారవేయడం

నల్లుల వల్ల జబ్బులు మనుషులకు వ్యాపిస్తాయని రుజువు కాలేదు. ఈ మాట మొదట చెప్పడం ఎందుకంటే, భయంతో తీసుకునే నిర్ణయాలే వీటి విషయంలో ప్రాణాంతకమవుతున్నాయి. ధాన్యం నిలవకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మంచం కింద పెట్టి నిద్రపోయిన కుటుంబాలలో ప్రాణాలు పోయాయి. తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. మన డెల్టాలో ఆ బిళ్లలు, వరి గుళికలు, పురుగుమందుల సీసాలు ప్రతి రైతు ఇంటి అటక మీదా ఉంటాయి. పొలం మందు దేనినీ పడకగదిలోకి తేకూడదు. ఒకప్పుడు నల్లులకు చల్లిన డైక్లోర్‌వాస్‌ను ప్రభుత్వం 2020 చివరితో నిషేధించింది. పాత సీసా మిగిలి ఉంటే వాడవద్దు.

మా అబ్బాయి హాస్టల్ నుంచి తెచ్చిన పెట్టెతో మా ఇంటికి నల్లులు వచ్చాయి. నేను తొందరపడి దుకాణంలో స్ప్రే డబ్బా కొని పరుపు నిండా కొట్టాను. వారం తిరగకుండా అవి పక్క గదిలోని మంచానికి చేరాయి. ఆ మందుల జాతికి నల్లులు చాలావరకు అలవాటుపడ్డాయని, చావనివి గోడల సందుల వెంట చెదిరిపోతాయని తరువాత తెలిసింది. వేడికి అలవాటుపడటం వాటి వల్ల కాదు. 50 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడి నేరుగా తగిలితే గుడ్డుతో సహా చస్తాయి. దుప్పట్లు, గలీబులు మరిగే నీళ్లలో నానబెట్టాము. నవారు మంచం విప్పి పెరట్లో వేసి, పట్టె కలిసే రంధ్రాలలో, నవారు మడతల్లో కాగు నీళ్లు ధారగా పోస్తుంటే కందిపప్పు బద్దల్లాంటివి నీటి వెంట జారి పడ్డాయి. కర్ర మంచం సందులకు బట్టల ఇస్త్రీ ఆవిరి పట్టించాము. గుడ్లు వారం పది రోజులలో పొదుగుతాయి గనుక పది రోజులకొకసారి చొప్పున మూడు సార్లు చేశాక గాని పీడ వదలలేదు.

ఎండలో పెట్టడం మన పెద్దల పద్ధతి. రోహిణి కార్తెలో పలచటి బొంతకు అది సరిపోవచ్చు. దూది పరుపు నడిమికి ఆ వేడి దిగదు, వానాకాలంలో అయితే అసలే లేదు. పరుపును వీధిలో పారవేయడం ఆఖరి మాట. నల్లులు సగం మంచంలో, గోడ పగుళ్లలో ఉంటాయి గనుక కొత్త పరుపుకూ పడతాయి, పారవేసినది తీసుకువెళ్లిన వారి ఇంటికీ చేరతాయి. ఇల్లంతా పట్టిన తరువాత పురుగుల నివారణ సంస్థను పిలవక తప్పదు. అప్పుడు ఎన్నిసార్లు వస్తారో, ఏ మందు వాడతారో ముందే రాయించుకోవాలి, ఒక్క విడతతో ముగిస్తామన్న వారిని పిలవకూడదు.

ఒంట్లో మిగిలినదానికి ఎక్కడికి వెళ్లాలి

మన వైపు ఏ నలత చేసినా మూడు దారులు ఉంటాయి. ఊరుకుంటే అదే పోతుందని ఆగడం, వీధి చివరి ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకోవడం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో పట్నం ఆస్పత్రికో వెళ్లడం. మూడింటిలో ఎప్పుడూ ఒకటే సరైనదని చెప్పలేను. జబ్బును బట్టి తేడా ఉంది.

జ్వరం మొదటి రోజున ఇంట్లోనే ఉండి, పారాసిటమాల్ వేసుకుని, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు తాగుతూ గమనించడంలో తప్పు లేదు. రెండో రోజుకు తగ్గకపోతే రక్తపరీక్షకు వెళ్లాలి. డెంగీని మొదటి ఐదు రోజులలో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తరువాత ఐజీఎం పరీక్ష పట్టిస్తాయి. ఏ జ్వరమో తెలియకుండా నొప్పుల సూది వేయించుకోవడమే ఇక్కడ అన్నిటికంటే చెడ్డ ఎంపిక. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ డెంగీలో రక్తస్రావాన్ని పెంచవచ్చు. చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది: డెంగీలో ప్రమాదం జ్వరం మండుతున్నప్పటి కంటే అది దిగే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యన ఎక్కువ. ఒళ్లు చల్లబడిందని సంతోషిస్తున్న సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం కనబడితే 108కి ఫోన్ చేయాలి. ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే చూసి బెంబేలెత్తి, బొప్పాయి ఆకు రసం మీద భరోసా పెట్టుకుని ఈ గుర్తులను పట్టించుకోకపోవడం ప్రమాదం. చేలో దిగినవారికి జ్వరంతో పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ గురించి, చంకలోనో గజ్జలోనో నల్లటి పక్కు కట్టిన మచ్చ ఉంటే చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ గురించి డాక్టరుకు మనమే గుర్తు చేయాలి.

గజ్జికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు చాలావరకు స్టెరాయిడ్ కలిసినవి. దురద నాలుగు రోజులు అణగి, పురుగు లోపల పెరుగుతుంది. డాక్టరు రాసిన 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి పూసుకుని, పొద్దున కడుక్కుని, వారానికి మళ్లీ పూసుకోవాలి. దురద ఉన్నవారూ లేనివారూ అని చూడకుండా ఇంటిల్లిపాదీ ఒకే రోజు పూసుకోకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. పిల్లలలో గోకుళ్లకు చీము పట్టి, ముదిరితే మూత్రపిండాల వాపు దాకా పోవచ్చు.

బోదకాలు దగ్గరికి వచ్చేసరికి ఊరుకోవడం అన్న దారి పూర్తిగా మూసుకోవాలి. దోమకాటుతో చేరి ఈ జబ్బు తెచ్చే సన్నటి పురుగు ఒంట్లో ఉన్నవారిలో చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు, వారి రక్తం నుంచే దోమ దానిని మరొకరికి చేరవేస్తుంది. అందుకే 2004 నుంచి ఏడాదికొకసారి ఊరంతటికీ ఆ పురుగు మీద పనిచేసే డీఈసీ మాత్రలు, తరువాత వాటితో పాటు ఆల్బెండజోల్ కూడా పంచే కార్యక్రమం దేశంలో నడిచింది. మీ ఊళ్లో పంచినప్పుడు "మాకేమీ జబ్బు లేదు కదా" అని తలగడ కింద పెట్టకుండా, భోజనం చేశాక ఆశా కార్యకర్త ఎదుటే మింగాలి. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. మింగాక కొందరికి జ్వరం, తల తిరగడం వస్తాయి. లోపలి పురుగులు చస్తున్నందువల్ల వచ్చే ఆ బాధ ఒకటి రెండు రోజులలో పోతుంది. అనుమానం ఉంటే, రక్తంలో పిల్లపురుగులు అర్ధరాత్రి తిరుగుతాయి కాబట్టి రాత్రి పూట రక్తం తీసి చూస్తారు, లేదా పగలే చేయగల స్ట్రిప్ పరీక్ష చేస్తారు.

మగవారిలో అదే పురుగు వల్ల వరిబీజం, అంటే వృషణాల సంచిలో నీరు చేరి వాచడం, వస్తుంది. సిగ్గుతో పంచె బిగించుకుని ఏళ్లు గడిపేవారికి నేను చేతులు పట్టుకుని చెప్పే మాట ఒకటే. ముదిరిన కాలి వాపును మందులు పూర్తిగా తీయలేవు గాని, వరిబీజం చిన్న ఆపరేషన్‌తో నయమవుతుంది, దానిని ప్రభుత్వ ఆస్పత్రులలో చేస్తారు. పసరు కట్లకు, వాతలకు పోయి పుండు చేసుకోవడం కంటే అక్కడికి వెళ్లడం వెయ్యి రెట్లు మేలు.

కాలి వాపు మొదలైనవారికి ఆస్పత్రి మాత్ర కంటే ఇంట్లో కాలిని చూసుకోవడమే ముఖ్యం. మా మేనత్తకు చీలమండ దగ్గర వాపు కనబడిన ఏడాదే ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాము. అక్కడి నర్సు నేర్పిన పనిని ఆమె ప్రతి రాత్రీ చేస్తుంది. స్టూలు మీద కూర్చుని, బేసినులో మామూలు నీళ్లు, సబ్బు పెట్టుకుని, మోకాలి నుంచి కిందికి కడుగుతుంది. వేళ్ల మధ్యకు మెత్తటి గుడ్డ దూర్చి తడి లేకుండా అద్దుతుంది, రుద్దదు. వేళ్ల సందులలో తెల్లగా ఒరిసిపోయినట్టు ఉంటే ఫంగస్ క్రీము రాస్తుంది, ఎందుకంటే ఆ పగుళ్ల లోంచే సూక్ష్మజీవులు దూరి వణుకు జ్వరం తెప్పిస్తాయి. పడుకునేటప్పుడు కాలి కింద రెండు దిండ్లు పెట్టుకుంటుంది. చేలోకి వెళ్లేటప్పుడు చెప్పుల విషయంలో మాత్రం మొదట్లో పొరబడింది. బిగుతు రబ్బరు బూట్లు తొడిగితే లోపల చెమట పట్టి పుండు పడింది, వట్టికాళ్లతో దిగితే ముల్లు గుచ్చుకుని జ్వరం వచ్చింది. ఇప్పుడు వెడల్పుగా కుట్టించిన మెత్తటి పట్టీల చెప్పులు వాడుతోంది. గట్టు దాకా అవే వేసుకుని వెళ్లి, బురదలోకి దిగే పని కూలి మనిషికి అప్పగిస్తుంది.